సమర్‌కంద్ సవతి: రాతి పీట కింద ఎవరు?

పోయిన వారం నన్ను ఎక్కడ వదిలేసి వెళ్ళారో గుర్తుందా? కెనడాలో, కిచెనర్‌లో, పద్మిని ఆంటీ వాళ్ళ హాల్లో, సోఫా చివర. చేతిలో గారెల ప్లేటు, కడుపులో మంట. ఇంకా అక్కడే ఉన్నాను. గారె ఒక్కటి కూడా ముట్టలేదు.

ఇవాళే మొదటిసారి చదువుతున్నవాళ్ళకి రెండు ముక్కల్లో చెప్తా. నా పేరు చాముండేశ్వరి, మాది అమలాపురం. స్టూడెంట్ వీసా మీద వచ్చి ఇక్కడ కాలేజీలో సప్లై చెయిన్ చదువుతున్నా. మా ఆయన జయదేవ్ నా వెనకాల స్పౌజ్ ఓపెన్ వర్క్ పర్మిట్ మీద వచ్చి, మిస్సిసాగాలో ఎయిర్‌పోర్ట్ పక్కన వేర్‌హౌస్‌లో పని చేస్తున్నాడు. పద్మిని ఆంటీ, వెంకటేశ్వర రావు అంకుల్ మా ఇంటి ఓనర్లు. పైన వాళ్ళు, కింద బేస్‌మెంట్‌లో మేము.

మా పెళ్ళి ముహూర్తం చూసి పెట్టింది కాదు, నా వీసా తేదీ చూసి పెట్టింది. ఆఫర్ లెటర్ వచ్చింది, సంబంధం వచ్చింది, పెళ్ళయిపోయింది. ఎంత హడావిడి అంటే, అత్తారింటి గుమ్మంలో అడ్డం నిలబడి మా చేత పేర్లు చెప్పించడానికి ఆడపడుచు కూడా లేకపోయింది. మా ఆయన ఒక్కగానొక్క కొడుకు. అక్కా లేదు, చెల్లీ లేదు. చివరికి పక్కింటి పిల్లని లాక్కొచ్చి నిలబెట్టారు. ఆ పిల్ల నా వంక చూసి నవ్వుతూ “మీ ఆయన పేరు చెప్తేనే లోపలికి” అంది. సిగ్గుపడుతూ చెప్పాను. అప్పుడు నాకు సిగ్గు ఉండేది.

మా ఆయన మామూలు మనిషి కాదు. ఉజ్బెకిస్తాన్‌లో, సమర్‌కంద్‌లో ఎంబీబీఎస్ చదివిన మనిషి. మన దగ్గరికొచ్చాక విదేశాల్లో చదివినవాళ్ళకి పెట్టే పరీక్ష గట్టెక్కలేదు, అది వేరే కథ. డాక్టర్ కాలేదు గానీ సమర్‌కంద్ మాత్రం ఆయన్ని వదల్లేదు. నేను చపాతీ చేస్తే, అక్కడి రొట్టె మధ్యలో అచ్చు గుద్ది ఎలా కాలుస్తారో చెప్తాడు. ఆకాశం నీలంగా ఉంటే, అక్కడి గుమ్మటాల నీలం ముందు ఇదెంత అంటాడు. నిద్రలో కూడా ఏదో ఆ భాషలో గొణుగుతాడు. సవతి అంటే మనిషే కానక్కర్లేదండీ, ఒక్కోసారి ఊరు కూడా అవుతుంది.

ఆ ఊరు చాలదన్నట్టు సెప్టెంబరు ఇంటేక్‌లో, కాలేజీ కొత్త బ్యాచ్‌తో, ధరణి దిగింది. వరంగల్ పిల్ల, సమర్‌కంద్‌లో మా ఆయన బ్యాచ్. “చెల్లెలు లాంటిది చామూ” అని పరిచయం చేశాడు. ఆ “లాంటిది” దగ్గరే నా చెవులు నిక్కబొడుచుకున్నాయి. మన వాళ్ళకి ఇదొక అలవాటు కదా. ఊరు దాటితే చాలు అందరూ చుట్టాలే. గది చూపించినవాడు అన్నయ్య, బస్సు ఎక్కడ దొరుకుతుందో చెప్పినావిడ అక్క. వరస కలపకుండా మనకి మాట పెగలదు. ఆ లెక్కన ధరణి నన్ను వదినా అంటుంది. పిలిస్తే వస్తుంది, పిలవకపోయినా వస్తుంది.

నాకు కుళ్ళు. అవును, కుళ్ళే, దాచడం దేనికి? నా వీసా మీద వచ్చిన మొగుడు నావాడో కాదో నాకు తెలియాలి. తెలిసేదాకా ఈ మంట ఆరదు.

సరే, ఆ ఆదివారం మధ్యాహ్నానికి వద్దాం. ఆంటీ, అంకుల్ ఏప్రిల్‌లో ఉజ్బెకిస్తాన్ టూర్ వెళ్తున్నారు. అంకుల్ రిటైర్డ్ స్ట్రక్చరల్ ఇంజినీర్; బతుకంతా కాంక్రీటు చూశాను, ఇప్పుడు ఇటుకలు చూస్తానంటాడు. వెళ్ళేముందు ఒకసారి ఫోటోలు చూపించండర్రా అని ఆంటీ మమ్మల్నీ ధరణినీ భోజనానికి పిలిచింది. బయట డిసెంబరు మంచు కరిగి బురదగా ఉంది. గుమ్మంలో బూట్లు విప్పుతుంటే గోడకి ఆనించి పెద్ద అట్టపెట్టె కనిపించింది. దాని మీద చిన్నపిల్లల మంచం బొమ్మ.

“మనవరాలొస్తోందా ఆంటీ?” అనడిగాను.

ఆంటీ మా ఆయన వంక చూసి ముసిముసిగా నవ్వింది. “వస్తోందిలే ఒక మనవరాలు” అంది. వాళ్ళమ్మాయి కాల్గరీలో ఉంటుంది. ఆ అమ్మాయి కూతురి సంగతే అనుకున్నా.

నా బూట్లు దారికి అడ్డంగా ఉన్నాయి. మా ఆయన వాటిని కాలితో పక్కకి నెట్టి లోపలికెళ్ళాడు. ఆయనకది మామూలే. ఇది మీరు గుర్తుపెట్టుకోండి, పని పడుతుంది.

ధరణి ఫోన్‌ని టీవీకి కలిపింది. గోడంత టీవీ నిండా రెగిస్తాన్ చౌక్. మూడు వైపులా మూడు మదర్సాలు, నాలుగో వైపు ఖాళీ. ఒక్కో ద్వారం ఆకాశంలోకి లేచి ఉంది. నీలం, పసుపు, తెలుపు పెంకులు ఎంత సన్నగా అతికారంటే, అమలాపురంలో మా అమ్మమ్మ ముగ్గు కూడా అంత కుదురుగా ఉండేది కాదు. చూడకూడదు అనుకుంటూనే చూశాను. బాగుంది. బాగున్నందుకు ఇంకా ఒళ్ళు మండింది.

“ఇది షేర్ దోర్ అంకుల్, పులుల మదర్సా” అంది ధరణి. “పైన చూడండి, పులుల వీపు మీద...”

“...సూర్యుడు. సూర్యుడికి మళ్ళీ మనిషి మొహం” అని మా ఆయన అందుకున్నాడు.

“మసీదుల దగ్గర జీవాల బొమ్మలు వెయ్యరు కదయ్యా?” అన్నాడు అంకుల్.

“అదే అంకుల్ వింత, అప్పట్లోనే...”

“...పెద్ద గొడవైందట” అని ఈసారి ధరణి పూర్తి చేసింది.

ఇద్దరూ నవ్వుకున్నారు. ఒకళ్ళు మొదలుపెట్టిన మాట ఇంకొకళ్ళు ముగించడం. నాతో ఆయన ఎప్పుడైనా ఒక మాట ముగించాడా? “చపాతీలు ఎన్ని” అని నేనంటే “ఆఁ” అంటాడు.

తర్వాత టిల్లా కారీ లోపలి గది. అంతా బంగారు పూత. పైన గుమ్మటం లోతుగా, వలయాలు వలయాలుగా లోపలికి వెళ్ళిపోతోంది. అంకుల్ కళ్ళజోడు సవరించుకుని లేచి టీవీ దగ్గరికెళ్ళాడు.

“ఇది డబుల్ డోమా? గుమ్మటం లోపల ఇంకో గుమ్మటమా?”

“డోమే కాదు అంకుల్” అన్నాడు మా ఆయన. “అది చదునైన కప్పే. డిజైన్ పైకి పోయేకొద్దీ చిన్నది చేసుకుంటూ వెళ్ళారు. కింద నిలబడి చూస్తే గుమ్మటంలా అనిపిస్తుంది.”

“ఓరి వీళ్ళ దుంపతెగ!” అని అంకుల్ చప్పట్లు కొట్టాడు. “ఏం మోసం చేశారయ్యా!”

“మోసం ఆయనకి బాగా తెలుసు అంకుల్” అన్నాను నేను. అందరూ జోకనుకుని నవ్వారు.

ఒకటి చెప్పాలి. ఆ ఫోటోల్లో చాలావాటిలో ఒక అంచున ఒకావిడ ఉంది. మొహం కనపడదు. కాషాయం రంగు చున్నీ, నడుం దాటిన జడ. ఒకదాంట్లో అటు తిరిగి గోడ తడుముతోంది, ఒకదాంట్లో మెట్ల మీద కూర్చుని రొట్టె తుంచుతోంది. ధరణికి ఇప్పుడు జుట్టు మెడ దాకానే. జడ కోసేసుకుని కెనడాకొచ్చిందన్నమాట అనుకున్నాను. నా కుళ్ళు నాకు అలా సర్ది చెప్పింది. ప్రతి ఫోటోలోనూ ఆ జడ ఎక్కడుందో వెతుక్కున్నాను, మా ఆయన దానికి ఎంత దూరంలో ఉన్నాడో చూసుకున్నాను. ఒక్కసారి కూడా దూరంగా లేడు.

“ఇప్పుడు బీబీ ఖానుం మసీదు” అంది ధరణి.

“ఇంక చాల్లే ధరణీ” అన్నాడు మా ఆయన వెంటనే. “ఆంటీకి వంటింట్లో పనుంటుంది.”

“నాకేం పని లేదు నాయనా, గారెలైపోయాయి. కానివ్వండి” అంది ఆంటీ, చేతిలో గరిటెతోనే.

“అది సగం పడిపోయిన మసీదే, చూడ్డానికేం ఉండదు.”

ఊళ్ళో ఇటుక ఇటుకకీ కథ చెప్పే మనిషి, చూడ్డానికేం ఉండదంటున్నాడు. నేను గారెల ప్లేటు కింద పెట్టాను.

“చూద్దాం. నేను చూడాలి” అన్నాను.

ధరణి కథ చెప్పింది. తైమూరు యుద్ధాలకి వెళ్తే, ఆయన తిరిగొచ్చేసరికి లోకంలోకెల్లా పెద్ద మసీదు కట్టించి చూపించాలని రాణి బీబీ ఖానుం అనుకుందట. కట్టే మేస్త్రీ రాణి మీద మనసు పడ్డాడు. చివరి ద్వారం మిగిలిందనగా పని ఆపేసి, ఒక్క ముద్దు ఇస్తేనే పూర్తి చేస్తానన్నాడు. రాణి ఎన్ని చెప్పినా వినలేదు. సరేనని చెంప చూపించి చెయ్యి అడ్డం పెట్టుకుందట. అయినా ఆ ముద్దు వేడి చేతిలోంచి దిగి చెంప మీద మచ్చ పడిపోయింది. రాజు తిరిగొచ్చి మసీదు చూశాడు, తర్వాత మచ్చ చూశాడు.

“పాపం, ఆ పిల్ల ఏం చేసిందని! చెయ్యి అడ్డం పెట్టుకుంది కదా” అంది ఆంటీ.

నేను మాత్రం రాజు పక్షం. ప్రపంచమంతా జయించి ఇంటికొస్తే పెళ్ళాం చెంప మీద పరాయివాడి మచ్చ. ఆయన కడుపు ఎలా మండి ఉంటుందో నాకు తెలిసినట్టు ఈ హాల్లో ఎవరికీ తెలియదు. జనాన్ని చంపి గుట్టలు పోసినవాడంటారు, అయినా నాకు జాలేసింది.

“కథ నిజం కాదులే. తొందర తొందరగా కట్టారు, అందుకే కొన్నాళ్ళకే ఇటుకలు రాలడం మొదలైంది” అన్నాడు అంకుల్. “అంత వెడల్పు కప్పుకి పునాది నింపాదిగా వెయ్యాలి.”

మా పెళ్ళి గుర్తొచ్చింది.

ధరణి వేలు జరిపింది. టీవీ మీద మసీదు ఆవరణ. నీలం గుమ్మటం ముందు, ఆరుబయట, పెద్ద రాతి పీట. ఖురాన్ పెట్టుకునే వ్యాసపీఠమట, కానీ ఎంత పెద్దదంటే మనిషి దాని కింద దూరి అటు నుంచి ఇటు రావచ్చు. నిజంగానే ఒకావిడ దూరుతోంది. మోకాళ్ళ మీద వంగింది, తల అవతల ఉంది, కాషాయం చున్నీ నేల మీద పాకుతోంది, జడ వీపు మీంచి జారి పక్కకి పడింది. కాళ్ళకి చెప్పుల్లేవు.

“ఏం చేస్తోందమ్మా అక్కడ?” అంది ఆంటీ.

“పిల్లలు కావాలనుకునే ఆడవాళ్ళు అట్లా కింద నుంచి పోతారు ఆంటీ. అక్కడి నమ్మకం. ఇప్పుడు పోనివ్వరు అనుకుంటా. ఆ రోజు గార్డు చాయ్ తాగనీకి పోయిండు, అందుకే...”

ధరణి ఇంకా ఏదో చెప్తోంది. నాకేమీ వినపడలేదు. ఫోటో కుడి అంచున ఒక చెయ్యి ఉంది. ఆ చెయ్యి, కాస్త ఛాతీ, అంతే; మొహం పడలేదు. ఆ చేతిలో ఒక జత ఆడవాళ్ళ చెప్పులు. రెండూ జత చేసి, మట్టి అడుగులు లోపలికి తిప్పి, గుండెకి ఆనించి పట్టుకున్నాడు. ప్రసాదం పట్టుకున్నట్టు. మణికట్టు మీద కాలిన మచ్చ.

హాస్టల్లో కుక్కర్ మూత లేచి అయిందని చెప్పిన మచ్చ. ఇక్కడి చలికి పగులుతోందని ప్రతి పూటా నేను వాజలైన్ రాసే మచ్చ.

“నెక్స్ట్ ధరణీ, నెక్స్ట్” అన్నాడు మా ఆయన.

“ఆగు” అన్నాను. “ధరణీ, వేలు కదిపావంటే చూడు. అదెవరు?”

“ఎవరో లోకల్ ఆవిడ అయ్యుంటుంది” అన్నాడు ఆయన. టీవీ వంక చూడట్లేదు, తివాచీ వంక చూస్తున్నాడు.

“లోకల్ ఆవిడ చెప్పులు నువ్వెందుకు మోస్తున్నావు?”

నలుగురిలో నేను మా ఆయన్ని మీరు అంటాను. గదిలో ఎంత నువ్వయినా, మెట్లెక్కి పైకొస్తే మీరే. అది మా అమ్మ నేర్పింది. ఆ పూట మా అమ్మ నేర్పింది గాల్లో కలిసిపోయింది. ఆంటీ చేతిలో గరిటె ఆగింది.

“అది నా చెయ్యని ఎవరన్నారు?” అన్నాడు.

“నేనంటున్నా. రోజూ వాజలైన్ రాసేదాన్ని. ఆ చెయ్యి ముక్కలు చేసి అమలాపురం సంతలో పెట్టినా పోల్చుకుంటా. నా బూట్లు కాలితో తన్నే మనిషివి, ఆవిడ చెప్పులు గుండెకి హత్తుకున్నావే! ఎంత ముద్దు కాకపోతే!”

“చామూ, ఇక్కడ కాదు. కిందికెళ్ళి మాట్లాడుకుందాం.”

“ఇక్కడే. పెద్దవాళ్ళ ముందే.” ఆయన్ని వదిలి ధరణి మీదకి తిరిగాను. “నువ్వు చెప్పవే. వదినా వదినా అని నా ఇంట్లో కూర్చుని నా చేతి వంట తిన్నావు. పెళ్ళి కాని పిల్లవి, పిల్లలు కావాలని ఆ పీట కింద ఎందుకు దూరావు? నీకు పిల్లలు కావాలంటే మా ఆయన నీ చెప్పులు మొయ్యాలా? చెల్లెలు లాంటిదానివి కదూ!”

ధరణికి కోపం రాలేదు. ముందు ఏమీ అర్థం కానట్టు చూసింది, తర్వాత కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

“వదినా, ఆ ఫోటో నేను తీసిన” అంది మెల్లగా. “అన్నీ నేనే తీసిన. తీసేదాన్ని ఫోటోలో ఎట్లుంటా?”

నా చెంప మీద ఎవరో కొట్టినట్టయింది. నిజమే కదా! ఫోన్ ధరణిది, ఫోటోలు ధరణివి. ఒక్కదాంట్లో కూడా ధరణి లేదు. ఇంత చిన్న సంగతి నా బుర్రకి తట్టలేదు. సెప్టెంబరు నుంచి ఈ పిల్ల కాఫీలో చక్కెర తక్కువ వేశాను, ఈ పిల్ల నవ్వితే లెక్కపెట్టాను. కుళ్ళు మనిషిని ఇంత గుడ్డిదాన్ని చేస్తుందా?

“మరి అదెవరు?” అన్నాను. గొంతు తగ్గింది.

“శ్యామలక్క” అంది ధరణి కళ్ళు తుడుచుకుంటూ. “జయదేవ్ వాళ్ళ అక్క. సమర్‌కంద్ చూడనీకి ఇండియా నుంచి వచ్చింది. లేడీస్ హాస్టల్లో నా గదిలోనే ఉంది. పెళ్ళయి చాన్నాళ్ళయింది, పిల్లలు లేరని చెప్పింది. అందుకే అక్కడికి తీసుకపోయినం.”

అంకుల్ పెద్దగా ఊపిరి వదిలాడు. “హమ్మయ్య, అక్కా! ఆ మాట ముందే చెప్పొచ్చు కదయ్యా. అనవసరంగా అమ్మాయి కంగారుపడింది.”

“అక్క చెప్పులు తమ్ముడు పట్టుకుంటే తప్పేంటే పిచ్చిదానా” అని ఆంటీ నా భుజం మీద చెయ్యి వేసింది. “కూర్చో, గారె తిను.”

నేను కూర్చోలేదు. మా ఆయన వంక చూశాను. మనిషి హమ్మయ్య అనుకోవడం లేదు. ఇందాకటి కన్నా ఇప్పుడే ఎక్కువ భయపడుతున్నాడు. నా నోట్లోంచి వచ్చే తర్వాతి మాట ఏమిటో ఆయనకి తెలుసు.

“మా ఆయనకి అక్క లేదు ఆంటీ” అన్నాను.

ఆంటీ నా భుజం మీంచి చెయ్యి తీసేసింది.

“ఒక్కడే కొడుకు. పెళ్ళిలో గుమ్మానికి అడ్డం నిలబడ్డానికి ఆడపడుచు లేక పక్కింటి పిల్లని తెచ్చారు. అడగండి, ఎదురుగానే ఉన్నాడు కదా.”

ధరణి సోఫాలో కూలబడింది. “మాకందరికీ అక్కనే అని చెప్పినవ్” అంది, నాతో కాదు, ఆయనతో. “హాస్టల్ వార్డెన్‌కి నేను పూచీ ఉన్న. మా క్లాస్‌మేట్ వాళ్ళక్క మేడం, మంచోళ్ళు అని చెప్పి నా మంచం ఇచ్చి నేను కింద పడుకున్న. నా తలకి నూనె పెట్టి జడేసింది ఆమె. రాత్రిపూట నువ్వు కిటికీ కింద నిలబడితే, తమ్ముడికి అక్క అంటే ఎంత ప్రేమో అని నేను మా అమ్మకి ఫోన్ చేసి చెప్పిన.” అక్కడికి ఆగింది. “నీకోసం నేను...” అని మొదలుపెట్టి పెదవి కొరుక్కుంది.

ఆ మాట ముగించక్కర్లేదు. మొదటిసారి ఆ పిల్ల మాట నేను ముగించగలిగాను, మనసులోనే. ఇన్నాళ్ళూ అద్దంలో నేను చూసుకుంటున్న మొహం ఆ పూట ధరణికి వచ్చింది. నేను అపరాధి అనుకున్న పిల్ల, నా పక్కనే కూర్చుని మండుతోంది.

“జయదేవ్” అన్నాను. పేరు పెట్టి. “ఎవరామె?”

“నువ్వనుకుంటున్నట్టు కాదు చామూ.”

“నేనేం అనుకుంటున్నానో నేనింకా చెప్పలేదు.”

ఆయన చేతులు రుద్దుకుంటున్నాడు. మచ్చ ఉన్న మణికట్టుని రెండో చేత్తో కప్పుకున్నాడు. ఇంక కప్పుకుని ఏం లాభం!

అప్పుడు పద్మిని ఆంటీ మాట్లాడింది. పాపం ఆవిడకి గొడవలంటే భయం, ఎలాగోలా సర్దేద్దామని ఆవిడ తాపత్రయం.

“అదేంటమ్మా, అక్క లేకపోవడమేంటి? నీకు సర్‌ప్రైజ్ అని చెప్పొద్దన్నాడు గానీ, ఇంక దాచడమెందుకు? శనివారం దిగుతున్నారు కదా మీ ఆడపడుచు!”

ఆంటీ మా ఆయన వైపు తిరిగింది.

“శ్యామలే కదయ్యా పేరు? జనవరి ఇంటేక్‌కి సీటొచ్చిందిట కదా. మొగుడితో పడక విడిపోయింది, ఒంటరిది, మీ కింద రెండో గది ఇవ్వండి ఆంటీ, మా చాముకి తోడుగా ఉంటుంది అన్నావు. నేనే కర్టెన్లు కూడా కుట్టాను. పాపకి మంచం కావాలంటే ఆ పెట్టె తెప్పించాను. ఏదీ, పాప ముద్దుపేరు ఏదో చెప్పావు... బీబీ. బీబీ కదూ? నాలుగేళ్ళట అమ్మా, చిలకలా మాట్లాడుతుందట!”

టీవీ మీద ఇంకా ఆ ఫోటోనే ఉంది. బీబీ ఖానుం ఆవరణ, రాతి పీట, దాని కింద వంగిన కాషాయం చున్నీ. పిల్లలు కావాలని దూరింది. ధరణి ఆ ఫోటో చూసి, గుమ్మంలో ఉన్న అట్టపెట్టె చూసి, కళ్ళు మూసుకుంది. అంకుల్ రిమోట్ వెతికి టీవీ ఆపేశాడు.

నాకు ఏడుపు రాలేదు. ఏడుస్తానేమోనని కాసేపు నాకోసం నేనే ఎదురు చూశాను. నా వీసా మీద వచ్చాడు. నా బేస్‌మెంట్‌లో ఉన్నాడు. నా పక్క గదికి కర్టెన్లు కుట్టించాడు. ఊరు సవతి అనుకుని నవ్వుకున్నాను నేను. ఊరు పాపం ఏమీ చెయ్యలేదు.

మా ఆయన లేచి గుమ్మం దగ్గరికెళ్ళాడు. మా బేస్‌మెంట్‌కి పక్క తలుపు, బయట నుంచి వెళ్ళాలి. వంగి నా బూట్లు తీశాడు. పెళ్ళయ్యాక మొదటిసారి. రెండూ జత చేసి, మంచు బురద అంటిన అడుగులు లోపలికి తిప్పి, గుండెకి ఆనించుకుని నా దగ్గరికి తెచ్చాడు.

“పద చామూ. కింద అంతా చెప్తాను. దండం పెడతా.”

అదే చెయ్యి. పట్టుకోవడం కూడా అలాగే. ఇన్నాళ్ళూ ఇదే కదా నేను కోరుకుంది! ఇప్పుడు అక్కర్లేకపోయింది.

“అక్కడ పెట్టెయ్” అన్నాను. “శనివారం నీకు వేరే చెప్పులు మొయ్యాల్సిన పనుంది. చేతులు ఖాళీగా ఉంచుకో.”

బూట్లు నేనే వేసుకున్నాను. లేసులు గట్టిగా బిగించాను. తలుపు తీసి, వెనక్కి తిరిగి ఆంటీని చూశాను. ఆవిడ గరిటె ఇంకా చేతిలోనే ఉంది, మొహంలో నెత్తురు చుక్క లేదు.

“మీరేం దిగులు పెట్టుకోకండి ఆంటీ. గది ఇస్తానని మాటిచ్చారు కదా, ఇవ్వండి. చిన్నపిల్లతో వస్తున్న మనిషిని చలిలో నిలబెట్టడం మర్యాద కాదు. కాకపోతే శనివారం కింద తలుపు నేను తీస్తాను, ఇంకెవరూ తియ్యకూడదు. గుమ్మానికి అడ్డంగా నేనే నిలబడతాను.”

“ఎందుకమ్మా?” అంది ఆంటీ.

“ఆవిడ మొగుడి పేరు చెప్తేనే లోపలికి.”